సబ్బు రాసిన కమాను

ఆఫీసులో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. ఎదురుగా కాదు, పక్క బల్ల దగ్గర. ఇన్సూరెన్సు కంపెనీలో జనం పెట్టుకున్న క్లెయిములు నిజమో అబద్ధమో తేల్చడం ఆయన ఉద్యోగం. ఇరవై ఏళ్లు అదే పని చేసి చేసి, ఇంట్లో పాలు విరిగినా గిన్నె వైపు కాకుండా ముందు ఇంట్లోవాళ్ల మొహాల వైపు చూసే స్థితికి వచ్చాడు.

అబద్ధం చెప్పేవాడు అడగని వివరాలు చెబుతాడు, నిజం చెప్పేవాడికి కోపం వస్తుంది అన్నది ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతంతోనే ఎన్నో కాలని దుకాణాల్నీ, పోని బండ్లనీ పట్టుకున్నాడు.

ఆయనకు ఒక మాట చెబితే పది ప్రశ్నలు పుడతాయి. అందుకని ఇంట్లో ఎవరూ ఏదీ పూర్తిగా చెప్పరు. ఎవరూ ఏదీ పూర్తిగా చెప్పరు కాబట్టి ఆయనకు అనుమానం. ఈ ఏర్పాటు మీద కాపురం సాఫీగానే నడుస్తోంది.

ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చోవడం లేదని వయొలిన్ క్లాసులో వేశారు. వయొలిన్ నిలబడి కూడా వాయించవచ్చని తర్వాత తెలిసింది. తీగల మీద ఆడించే కమాను వెంట్రుకలకు రోజిన్ అనే తేనెరంగు బిళ్ల రుద్దితేనే తీగ పలుకుతుందని మాస్టారు చెప్పిన రోజు నుంచి, పొద్దున్నే ఆ బిళ్ల రుద్దే పని ఆయన తన చేతుల్లోకి తీసుకున్నాడు. పదేళ్లు దాటేసరికి అమ్మాయికి సంగీతం వచ్చింది, ఆయనకు రుద్దడం వచ్చింది.

ఆ తర్వాత అమ్మాయికి నటన పిచ్చి కూడా పట్టింది. కాలేజీ నాటకంలో న్యాయమూర్తి వేషం వేసి తీర్పు మధ్యలో తుమ్మింది. ఒక టూత్‌పేస్టు ప్రకటనలో పంటినొప్పి అమ్మాయిగా కనిపించింది. అప్పటినుంచి పక్కింటావిడ ఆమెతో మాట్లాడినంతసేపూ పళ్లే చూస్తుంది. మరోపక్క పాటల కచేరీల్లో గాయకుల వెనక కూర్చుని వాయించేది. ఆ ఫొటోలన్నీ ఇంట్లో ఉన్నాయి. అన్నిట్లోనూ ఆమె మోచెయ్యి స్పష్టంగా పడింది.

ఇప్పుడు సినిమాలో వేషం వచ్చింది. హోటల్లో వయొలిన్ వాయించే అమ్మాయి. మొహం, వయొలిన్ రెండూ ఒకే ఫ్రేములో పడటం ఇదే మొదలు. అమ్మాయి వారం నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. భూతద్దం కూడా నిద్రపోవడం లేదు, అమ్మాయి ఎందుకు నిద్రపోవడం లేదా అని.

"అంతమంది ఉండగా నిన్నే ఎందుకు పిలిచారు?" అన్నాడు షూటింగుకు బయల్దేరేముందు.

"నాకు వాయించడం వచ్చు కాబట్టి, నాన్నా."

"అంతేనా?"

"అంతే."

వివరాలు చెప్పలేదు. నిజమే అయ్యుండాలి. అయినా ఆఫీసుకు సెలవు పెట్టి, గొడుగు పెట్టుకునే పొడుగాటి సంచి చంకన పెట్టుకుని వెంట వెళ్లాడు. భార్య గుమ్మం దాకా వచ్చి, "ఏవండీ, అక్కడ ఎవర్నీ ఏమీ అడక్కండి. అది బతిమాలుతోంది," అంది.

"నేనేం అడుగుతాను?" అన్నాడాయన. అది కూడా ప్రశ్నే.

షూటింగు ఒక పెద్ద గోడౌనులో. లోపల హోటలు కట్టారు. మూడు గోడలే ఉన్నాయి. నాలుగోది ఎందుకు కట్టలేదన్న ప్రశ్న ఆయన అప్పుడే మనసులో రాసుకున్నాడు.

ప్రొడక్షన్ మేనేజరు నేల మీద సుద్దముక్కతో గీసిన గీత చూపించాడు. "తోడొచ్చినవాళ్లు ఇది దాటకూడదు సార్. ఏ సామానూ ముట్టుకోకూడదు. మొన్న ఒకమ్మాయి వాళ్లమ్మ కర్టెను వంకరగా ఉందని సర్దింది. ఇప్పుడు ఆ వేషం వేరే అమ్మాయి వేస్తోంది."

"కర్టెను సరిగ్గా వచ్చిందా?"

మేనేజరు ఆయన వంక చూసి, గోడ పక్కన కుర్చీలో కూర్చున్న ఇంకో అమ్మాయిని చూపించాడు. ఆమె ఒళ్లో వయొలిన్ చంటిపిల్లలా పడుకుని ఉంది. "మీ అమ్మాయికి ఏదైనా తేడా వస్తే ఆ అమ్మాయి రెడీగా ఉంది. వాయించడం రాదు. ఫరవాలేదు."

ఫరవాలేదా? భూతద్దానికి మొదటి ముడి అక్కడ పడింది. వాయించడం రాకపోయినా ఫరవాలేకపోతే, వచ్చిన అమ్మాయిని ఎందుకు పిలిచినట్టు?

రెండో ముడి బిస్కెట్ల రూపంలో వచ్చింది. ఆ రెండో అమ్మాయి వాళ్లమ్మ నవ్వుతూ పాకెట్టు చాపింది. "తీసుకోండన్నయ్యగారూ. మీ అమ్మాయి చాలా బాగా వాయిస్తుందటగా."

ఎవరు చెప్పారు ఈవిడకి? ఊరికే బిస్కెట్లు ఎవరిస్తారు? ఆయన ఒకటి తీసుకుని, తినకుండా జేబులో వేసుకున్నాడు.

మూడో ముడి తన కళ్లారా చూశాడు. గీతకు అటుపక్క, సామాన్ల బల్ల దగ్గర, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి కూర్చుని ఉన్నాడు. సెట్లో వాడే వస్తువులన్నీ ఆయన చేతిమీదుగానే వెళతాయి. బాబాయ్ ఒక కమాను ఒళ్లో పెట్టుకుని, దాని వెంట్రుకలకు ఒంటి సబ్బు రుద్దుతున్నాడు. దాచుకుని కాదు, ఈలపాట పాడుకుంటూ. రుద్దడం అయ్యాక తీసుకెళ్లి అమ్మాయి నిలబడి వాయించాల్సిన చోట, స్టూలు మీదున్న వయొలిన్ పక్కన పెట్టాడు.

భూతద్దం వెంటనే లెక్క కట్టాడు. సబ్బు రాసిన కమాను తీగ మీద జారుతుందే తప్ప చిన్న చప్పుడు కూడా చెయ్యదు. కెమెరా ముందు అందరూ చూస్తుండగా తన కూతురి వయొలిన్ మూగబోతుంది. మేనేజరు తేడా వచ్చిందంటాడు. వయొలిన్‌ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి లేస్తుంది. అంతా అతికినట్టు సరిపోయింది. జేబులో బిస్కెట్టుతో సహా.

అమ్మాయి మేకప్ గదిలో ఉంది. అడుగుదామంటే ఎవర్నీ ఏమీ అడగనని ఇంట్లో మాట ఇచ్చాడు. జీవితంలో ఆయన అడగకుండా వదిలేసిన ఒకే ఒక్క ప్రశ్న అది.

కాళ్ల దగ్గర పెట్టుకున్న కూతురి వయొలిన్ పెట్టెలో ఆమె సొంత కమాను, బిళ్ల ఉన్నాయి. బయటికి తీసి, బిళ్లతో మామూలుగా రుద్దేదాని కన్నా నాలుగు రుద్దులు ఎక్కువే రుద్దాడు. లైట్ల వాళ్లు పైకి చూస్తున్న సమయం కనిపెట్టి గీత దాటాడు. సొంతది స్టూలు మీద పెట్టి, సబ్బుది గొడుగు సంచిలో దోపుకుని, మళ్లీ గీత ఇవతల నిలబడ్డాడు. నిలబడి, పైకప్పు చూశాడు. తప్పు చేసినవాళ్లంతా పైకప్పే ఎందుకు చూస్తారో ఆయనకు అప్పుడు అర్థమైంది. అక్కడ మొహాలుండవు.

డైరెక్టరు వచ్చాడు. హీరో, హీరోయిన్ హోటల్ బల్ల దగ్గర కూర్చున్నారు. అమ్మాయి హడావిడిగా వచ్చి, వయొలిన్, కమాను అందుకుని వాళ్ల వెనక నిలబడింది. యాక్షన్ అన్నారు. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "ఇన్నాళ్లూ నీకొక విషయం చెప్పలేదు..." అన్నాడు.

వయొలిన్ గొల్లుమంది. గోడౌను రేకుల మీద పావురాలు లేచిపోయాయి. హీరో చెప్పని విషయం చెప్పకుండానే ఉండిపోయాడు.

"కట్. ఆ చప్పుడేంటి?" డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "మాటలు రికార్డు చేస్తుంటే వెనక వాయిస్తారా ఎవరైనా? ట్యూను తర్వాత వేస్తామన్నాం కదా. వాయించినట్టు చెయ్యాలి, అంతే. బాబాయ్, కమానుకి సబ్బు రాయలేదా?"

"రాశానండీ. నా చేత్తో రాసి పెట్టాను." బాబాయ్ మొహం పాలిపోయింది.

మేనేజరు చూపు గీత వైపు తిరిగింది. గీత దగ్గర భూతద్దం మళ్లీ పైకప్పు చూశాడు. నోరు తెరిస్తే కూతురి వేషం పోతుంది. తెరవకపోతే బాబాయ్ ఉద్యోగం పోయేలా ఉంది. చంటిపిల్ల అమ్మాయి వాళ్లమ్మ కూతురి జుట్టు సర్దుతోంది.

అమ్మాయి చేతిలో కమాను చూసుకుంది. ఒకసారి తండ్రి వైపు చూసింది. డైరెక్టరు వైపు తిరిగింది.

"నాదే తప్పు సార్. అలవాటులో నా కమాను తెచ్చేసుకున్నాను." అంతే. ఇంకో ముక్క చెప్పలేదు. చెవులు ఎర్రబడ్డాయి. తనమీద తనకే కోపం వచ్చినట్టు పెదవి కొరుక్కుంది.

భూతద్దానికి ఒళ్లు మండింది. ఇంత పెద్ద అవకాశంలో ఇంత అజాగ్రత్తా? ఇంటికెళ్లాక గట్టిగా చెప్పాలి అనుకుంటూ చంకలో సంచి సర్దుకున్నాడు. అందులో ఉన్నది గొడుగొక్కటే కాదు. సబ్బు వాసన వేస్తోంది.

అజాగ్రత్త ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది.

డైరెక్టరు అమ్మాయి మొహంలోకి కాసేపు చూశాడు. "కంగారు పడకు. శ్రుతి తప్పలేదులే. మళ్లీ తీద్దాం. ఆ సబ్బుది ఏదీ?"

అమ్మాయి గీత దగ్గరికి నడిచి వచ్చింది. "నాన్నా, నా పెట్టె ఒకసారి ఇవ్వు," అంది, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. ఆయన సంచి మీదకి వంగి, పెట్టె తెరిచి, సబ్బు కమానుని ఇందులోంచి అందులోకి మార్చాడు. ఆమె పెట్టెలో వెతికినట్టు వెతికి దాన్ని బయటికి తీసింది. మేనేజరు సిగరెట్టు వెలిగించుకోవడానికి బయటికి వెళ్లిపోయాడు.

బాబాయ్ మాత్రం కమాను వంకా, గొడుగు సంచి వంకా చూశాడు. "సబ్బు రాస్తే జారుతుందని తెలుసుగానీ, మరీ ఇంత దూరమా," అని ఈలపాట అందుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి.

"నేనే అని ఎలా తెలిసింది?" అన్నాడాయన.

"నువ్వు రుద్దితే పట్టుకునేచోట బిళ్ల పొడి దట్టంగా ఉంటుంది, చివరికెళ్లేసరికి ఉండదు. చిన్నప్పటినుంచీ అంతేగా. సబ్బు సంగతి నీకు చెప్పాల్సింది నాన్నా. చెబితే పది ప్రశ్నలు వేస్తావని..."

ఆయన కిటికీ బయటికి చూశాడు. ఇరవై ఏళ్లుగా ఎంతమంది అబద్ధాలు పట్టుకున్నాడో. ఇవాళ తప్పు తనదని తెలిసి కూడా ఆ పిల్ల మాట నమ్మి, ఆ పిల్లనే తిట్టుకున్నాడు. ఇది మామూలు నటి కాదు. ఆ గర్వం గొంతు దాకా వచ్చి, అక్కడ ఇంకో ఆలోచన తగిలి ఆగిపోయింది.

"ఆ మధ్య పరీక్ష రోజు నీకు జ్వరం వచ్చింది చూడు..."

"ఊఁ."

"నిజంగా జ్వరమేనా?"

"జ్వరమే నాన్నా," అంది. చెవులు ఎర్రబడ్డాయి. పెదవి కొరుక్కుంది. ఇంకో ముక్క చెప్పలేదు.

భూతద్దం ఆ మొహం చాలాసేపు పరీక్షించాడు. తర్వాత జేబులోంచి బిస్కెట్టు తీసి, చెరిసగం చేసి, పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. విచారణ లేకుండా ఆయన మంజూరు చేసిన మొదటి క్లెయిము అది.

తన ముక్క మాత్రం వాసన చూసి తిన్నాడు.