వర్జ్యం వెళ్ళేదాకా ఆగని బాతులు

నేను ఒక దుర్భిణిని. పుట్టింది జర్మనీలో, అమ్ముడుపోయింది మద్రాసులో, విసిగిపోయింది మాత్రం కొల్లేట్లో. ఇప్పుడు నన్ను అద్దాల బీరువాలో పెట్టిన పెద్దమనుషులు నా గురించి ఒక తప్పుడు మాట రాసి అంటించారు. అందుకే ఈ గోడు.

నన్ను కొన్నది విజయగోపాలరాజుగారు. వేటంటే ఆయనకు ప్రాణం. చలికాలమంతా కొల్లేట్లో మేసి ఫాల్గుణంలో ఉత్తరాదికి తిరిగిపోయే చారల బాతులంటే మరీను. కొన్న రోజే నన్ను తిరగేసి కంటికి పెట్టుకుని, "ఇవేంట్రా, పిచ్చుకలంత ఉన్నాయి," అని ముంగర కొండలు అనేవాడి చేతిలో పెట్టేశారు. కొండలు లంకలో చేపలు పట్టుకునేవాడు. బాతులు ఎక్కడ దిగాయో చూసి రాజుగారికి కబురు చెప్పడం అతని పని.

అతని చేతుల చేపల కంపుకు మొదట్లో నాకు ఒళ్ళు మండేది. కానీ నాలోంచి చూస్తూ ఊపిరి బిగబట్టేవాడు చూడండి, అలా చూసినవాడు మళ్ళీ నాకు దొరకలేదు.

ఆ ఏడు రాజుగారు తెగేసి చెప్పారు. "పోయినేడూ ఉత్తిచేతుల్తోనే పోయాం. ఈసారి కూడా బాతు పడకపోతే ఆ దుర్భిణి ఇచ్చేసి నీ వల నువ్వు చూసుకో." అటుపైన కొండలు తెల్లవారుతూనే దోనెలో బోర్లా పడుకుని, కిక్కిస గడ్డి సందుల్లోంచి నన్ను పెట్టుకుని వెతికేవాడు. దోమలు పీక్కు తినేవి. చివరికి ఒక ఉదయం పెద్ద గుంపు కనిపించింది. ప్రయాణం ముందు కడుపునిండా మేస్తున్నాయి. కొండలు తెడ్డు ఆపకుండా వేసుకుంటూ బంగళాకు వచ్చిపడ్డాడు.

"దిగాయండి. పొద్దెక్కితే లేచిపోతాయండి, బేగి రండి."

రాజుగారు తుపాకీ వంక ఆశగా చూసి, పక్కనున్న సిద్ధాంతిగారి వంక భయంగా చూశారు.

"వర్జ్యం వెళ్ళాలి," అన్నారు సిద్ధాంతిగారు.

"బాతులకి వర్జ్యం ఉండదు కదండి," అన్నాడు కొండలు.

"మనకుంది కదరా," అన్నారు రాజుగారు, పెసరట్టు తుంచుకుంటూ.

వర్జ్యం వెళ్ళింది. అందరూ లేచారు. గుమ్మంలో వంటవాడు తుమ్మాడు. మళ్ళీ అందరూ కూర్చుని మంచినీళ్ళు తాగారు. కొండలు నన్ను పట్టుకున్న పిడికిలి ఎంత బిగుసుకుందంటే నా తోలు పట్టీ కిర్రుమంది. నాకు నోరుంటే ఆ బంగళా పైకప్పు లేచిపోయేది.

దోనెలు అక్కడికి చేరేసరికి నీళ్ళ మీద నాలుగు ఈకలు తేలుతున్నాయి. కొండలు నన్ను ఆకాశానికెత్తాడు. ఎంతో దూరంలో, ఉత్తరం వైపు, సన్నటి గీతలా పోతున్నాయి. ఆ గీత చెరిగిపోయేదాకా అతను నన్ను దించలేదు.

"ఎక్కడరా?" అని రాజుగారు నన్ను లాక్కున్నారు. ఈసారి సరిగ్గానే పెట్టుకున్నారు, కానీ చూడ్డానికేం మిగల్లేదు. "ఈ అద్దాలే అచ్చిరాలేదు," అన్నారు. వర్జ్యాన్నీ పెసరట్టునీ ఎవరూ ఏమీ అనలేదు.

కొండలు పంచె చెంగుతో నా అద్దాలు తుడిచి అప్పగించాడు. "పెట్టెలో పెట్టేయకండి బాబూ. చూపున్న వస్తువండి," అన్నాడు. రాజుగారు పెట్టెలోనే పెట్టించారు. వేట మీద నిషేధం వచ్చిన చాలా ఏళ్ళకు వాళ్ళవాళ్ళు నన్ను కొల్లేటి ఒడ్డునే ఉన్న ఈ పక్షుల మ్యూజియానికి ఇచ్చేశారు.

నా కింద అంటించిన చీటీలో 'వేలాది బాతులను బలిగొన్న దుర్భిణి' అని ఉంది. వచ్చినవాళ్ళు చదివి, ఛీ అనుకుంటూ పోతారు. నా మూలాన ఒక్క బాతైనా చచ్చి ఉంటే ఆ మాట పడేదాన్ని. కొండలు ఇంకొన్నాళ్ళు నా దగ్గర ఉండేవాడు కూడా.

ఫాల్గుణం వస్తే వెనక కిటికీలోంచి చారల బాతుల అరుపులు వినిపిస్తాయి. గుంపు పెద్దదే అనిపిస్తుంది. చూద్దామంటే, నన్ను గోడవైపు తిప్పి పెట్టారు.