అలమేలమ్మ పేరు కొట్టిన డబ్బా

రెండు వేల ఇరవై నాలుగు, జూలై పదకొండు, గురువారం, సాయంత్రం నాలుగూ ముప్పావు. మైలాపూరు ఇంట్లో అలమేలమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి వచ్చేసరికి అందరూ టిఫిన్ డబ్బా చుట్టూ చేరి ఉన్నారు. రోజూ ఉన్నదే. ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు డబ్బా అది. మూత తీసి ఉన్నప్పుడు విన్నదంతా, మూశాక లోపలే దాచుకుంటుంది. మళ్ళీ తెరిస్తే ఒక్కసారి వినిపించి ఊరుకుంటుంది. మనవరాలు నివేదిత బళ్ళో అన్నం తిన్నప్పటి నవ్వులూ, ఊరగాయ కోసం తగువులూ వింటూ కాఫీ తాగడం ఆ ఇంటి అలవాటు.

ఆరోజు నివేదిత చెయ్యి వెనక్కి దాచుకుంది. "రేపట్నుంచి నేను స్కూలుకు పోను."

"పోయిన వారం మెట్లమీద పడితివి, ఈ వారం ఏంది కథ?" అంటూ వాళ్ళ నాయన విజయకుమార్ డబ్బా అందుకోబోయాడు.

అలమేలమ్మ ముందే తీసుకుంది. ఖాళీ డబ్బా నీళ్ళబిందెంత బరువుంది.

"ఆగు నాయనా, ఈడ తెరవబాకు. దీన్ని వినాల్సినోళ్ళు ఆడ ఉండారు. ఆటో పిలువు."

ముగ్గురూ బడికి చేరేసరికి వరండాలో లెక్కల సారు ఎదురొచ్చాడు. ఆ డబ్బా సంగతి పిల్లల నోట విన్నాడేమో, చూడగానే ఆయన మొహం మాడింది.

"ఏం అవ్వా, ఇట్లియ్యండి, కడిగిస్తాను" అని మూతమీద చెయ్యి వేశాడు.

"మా ఇంట్లో నీళ్ళు వస్తాయి లే సార్" అని అలమేలమ్మ డబ్బాను కొంగులో చుట్టి గుండెకు అదుముకుంది. గోవిందా గోవిందా అనుకుంటూ, ఈ వయసులో పరుగులాంటి నడకతో హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి దూరింది.

హెడ్‌మిస్ట్రెస్ జయంతి డబ్బాను చూసి తలూపింది. "మా అత్తగారింట్లో ఇట్లాంటిదే చెంబు ఉండేది. ఒక్కసారే గదా పలికేది? ఉండండమ్మా." ఇంకా ఇళ్ళకు పోని టీచర్లందర్నీ పిలిపించింది. లెక్కల సారును ఎదురుగా కూర్చోబెట్టింది. అప్పుడు మూత తీసింది.

ముందు చెంచా చప్పుడు. "అన్నం తర్వాత. లెక్క ఏమైంది?" స్కేలు దెబ్బ. ఇంకొకటి. ఇంకొకటి. "ఇంట్లో చెప్పినావంటే ఫెయిల్ చేస్తా."

తర్వాత నివేదిత గొంతు, చాలా చిన్నగా. "చెప్పను సార్."

విజయకుమార్ కూతురి చెయ్యి ముందుకు తీసుకుని విప్పి చూశాడు. అరచెయ్యి కమిలిపోయి ఉంది. జయంతి ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. తలుపు దగ్గర వాచ్‌మన్‌ను నిలబెట్టి పోలీసులకు ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున యూనిఫాం వేసుకుని మొదట తయారైంది నివేదితే. అలమేలమ్మ డబ్బాలో నిమ్మకాయన్నం పెట్టింది. మూత మూసేముందు ఇంటిల్లిపాదీ వంగి తలా ఒక మాట అందులో చెప్పారు. చివర విజయకుమార్ వంతు వచ్చింది. డబ్బాను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎవరికీ వినిపించకుండా ఏదో చెప్పి, మూత గట్టిగా నొక్కి, కూతురి చేతికిచ్చాడు.