దెబ్బ పడేటప్పుడు మాట్లాడకూడదు

వీధి పల్లం కాబట్టి మలుపులోనే ఇంజను ఆపేసి బండిని ఇంటిదాకా దొర్లించుకుంటూ రావడం మేస్త్రి కోడలికి అలవాటు. ఆ పూట ఇంజను ఆగాక కూడా మూలుగు ఆగలేదు. అరుగు మీద కూర్చున్న మేస్త్రికి బండి కనబడకముందే దాని జబ్బు తెలిసిపోయింది. ముందు చక్రం బేరింగులు పోయాయి. మనిషికి చేతులు వణికితే వణకొచ్చు గానీ చెవులకేం రోగం?

చేతుల వణుకు మొదలైన దగ్గర నుంచి మేస్త్రి బళ్ళ రిపేరు షెడ్డు మూతపడింది. డాక్టరు ఆ జబ్బుకి ఏదో పేరు చెప్పాడు, అది పలకడానికి ఈయనకి నోరు తిరగదు. అంతటి పనివాడు ఇప్పుడు అరుగెక్కి, వీధిలో పోయే ప్రతి బండికీ ఏం రోగమో చెబుతూ కాలక్షేపం చేస్తున్నాడు. మీరు చెప్పారని వాళ్ళు ఆగుతారా ఏంటి అని భార్య సణుగుతూ ఉంటుంది.

కోడలు నర్సు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, కనబడితే కనబడినట్టు. మర్నాడు ఆమె కొండ మీది ఊరికి వెళ్ళి పిల్లలకి సూదులు వెయ్యాలి. తిరిగొచ్చేటప్పుడు దారంతా దిగుడే. ఆ దిగుడులో ముందు చక్రం పట్టేసిందంటే మనిషి దక్కదు.

ఆ సంగతి చెప్పేసరికి కోడలు, పోనీ మార్కెట్ దగ్గర రిపేరు షాపులో ఇచ్చేస్తానంది. మేస్త్రికి ఒళ్ళు మండింది. తన ఇంటి బండి ఇంకొకడి షెడ్డుకి పోవడమా! తీరా తన చేతుల వంక చూసుకునేసరికి ఆ మంట చప్పున చల్లారింది. కోడలు కనిపెట్టే రకం. చున్నీ నడుముకి బిగించి, "మీరు చెప్పండి మామయ్యా, నేను చేస్తాను. సూది పట్టిన చెయ్యి సుత్తి పట్టలేదా?" అంది.

వెళ్ళి కొత్త బేరింగులు కొనుక్కొచ్చింది. వాటిని ఫ్రీజర్‌లో పెట్టమన్నాడు మేస్త్రి. చల్లబడితే ఇనుము వెంట్రుకవాసి కుంచించుకుని సులువుగా దిగుతుంది. అత్తగారు ఐసు ట్రే తీసి చోటిస్తూ, చివరికి నా ఫ్రిజ్‌ని కూడా మెకానిక్‌ని చేశారని గొణిగింది.

చక్రం ఊడదీసి చెక్క దిమ్మల మీద పడుకోబెట్టారు. కోడలు పైనుంచి కడ్డీ దూర్చి, అడుగు బేరింగు లోపలి అంచుకి ఆనించి కొట్టసాగింది. ఒకేచోట కొట్టకు, చుట్టూ తిప్పి కొట్టు అని ఆయన. అలాగే కొడుతున్నా కదా అని ఆమె. కాసేపటికి తుప్పు రాలుస్తూ బేరింగు ఊడిపడింది. దాని వెనకే, రెండు బేరింగుల మధ్య ఉండే ఇనుప గొట్టం జారింది. అది దొర్లి అరుగు పక్క కాలువలో పడుతుందేమోనని మేస్త్రి చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండో బేరింగు కూడా వచ్చేసింది.

కొత్తవి దించే ముందు ఆయన తన షెడ్డు కట్టుబాటు చెప్పాడు. దెబ్బ పడేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. బేరింగు దిగుతున్నంతసేపూ ఒక చప్పుడు, అడుగు తాకగానే ఇంకో చప్పుడు. ఆ తేడా చెవిన పడకపోతే దెబ్బ ఎక్కువై కొత్త బేరింగు కాస్తా చస్తుంది. ఆ షెడ్డులో ఎంతటి వాగుడుకాయైనా సుత్తి లేచిందంటే నోరు కుట్టేసుకోవాల్సిందే.

చక్రం నడిభాగాన్ని వేడినీళ్ళ గుడ్డతో కాచారు. బేరింగు పెట్టి, దాని మీద పాతదాన్ని ఆనించి, బయటి అంచు మీదే భారం పడేలా కొట్టింది కోడలు. మొదటిది దిగింది. చక్రం తిరగేసి రెండోది పెట్టి, సుత్తి ఎత్తినదల్లా ఆగి నోరు తెరిచింది. మేస్త్రి వేలెత్తాడు. వణికే వేలే, అయినా మేస్త్రి వేలు. ఆమె నోరు మూసుకుని కొట్టింది. చప్పుడు మారింది. మేస్త్రి మొహం చేటంత అయింది.

చక్రం బండికెక్కించి, ఇరుసు దూర్చి, నట్టు బిగించారు. చక్రం తిరగనంది. నట్టు కాస్త వదులు చేస్తే తిరుగుతుంది, బిగిస్తే మొరాయిస్తుంది. కొత్తది కదా, అలాగే ఉంటుందిలే అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయనకే నచ్చలేదు.

"మామయ్యా, దెబ్బలు అయిపోయాయి కదా. ఇప్పుడో మాట అడగొచ్చా?"

"అడుగు."

"మీ జేబులో ఉన్నది లోపల ఉండాలేమో."

మేస్త్రి చెయ్యి జేబు మీదకి పోయింది. గొట్టం అక్కడే ఉంది. అది మధ్యలో లేకపోతే బిగించిన కొద్దీ బేరింగులు నలిగి, దిగుడులో వేడెక్కి, చక్రం పట్టేస్తుంది. ఆయనకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గొట్టం అక్కర్లేదని చెప్పి నట్టు వదులుగా వదిలేస్తే ఈ పూటకి పరువు దక్కేది. ఈ పిల్ల కంటే పరువు ఎక్కువా అనుకున్నాడు.

"విప్పెయ్ తల్లీ. కొట్టి తీస్తే ఇవి ఇంక పనికిరావు. నేనూ అంతే. పొద్దున్నే ఆ షాపులో ఇచ్చెయ్."

కోడలు స్పానర్ కింద పెట్టలేదు. "ఇంకొకళ్ళైతే నాకేదో సర్దిచెప్పి పంపించేసేవాళ్ళు. మీరు విప్పెయ్ అన్నారు. నేను మీ చక్రం మీదే కొండ దిగుతాను, మామయ్యా."

వాటిని కొట్టి తీసేసి, వెళ్ళి ఇంకో జత బేరింగులు కొనుక్కొచ్చింది. అత్తగారు వెళ్ళి ఐసు ట్రే మళ్ళీ బయటికి తీసింది.

ఈసారి కట్టుబాటు మారింది. అనుమానం వస్తే మధ్యలోనే అడిగెయ్, కొంపలేం మునిగిపోవు అన్నాడు మేస్త్రి. ఆమె అడిగింది. అడిగిందే అడిగింది. ఆయనకి విసుగు రాలేదంటే అబద్ధం, వచ్చింది, మింగాడు. గొట్టం మాత్రం తనే వేస్తానన్నాడు. గురి కుదరక అది అంచుకి తగిలి టకటకలాడింది. కోడలు ఆయన మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. గొట్టం లోపలికి దిగింది. అంతా బిగించాక చక్రాన్ని వేలితో తోస్తే, తిరుగుతూనే ఉంది.

మర్నాడు సాయంత్రం మేస్త్రి అరుగు మీద చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. ఎవరెవరి బళ్ళో వచ్చాయి, పోయాయి. కోడలి బండి చప్పుడు లేదు. పొద్దు వాలింది. ఆ దిగుడు తలచుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"నిద్రా, మామయ్యా?"

ఎదురుగా బండి, బండి మీద కోడలు. ఎప్పట్లాగే మలుపులో ఇంజను ఆపి దొర్లించుకుంటూ వచ్చింది. ఆయన వింటున్నంతసేపూ ఆ చక్రం కిక్కురుమనలేదు.

మేస్త్రి లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. గోళ్ళలో నిన్నటి గ్రీజు ఇంకా పోలేదు. "నా పని నాకు మళ్ళీ ఇచ్చావు తల్లీ. బతికున్నంతకాలం మర్చిపోను," అన్నాడు.

వణుకు ఎక్కడికీ పోలేదు. ఆయన పట్టుకున్నందుకు ఇప్పుడు నాలుగు చేతులూ వణుకుతున్నాయి. కోడలు తన చేతులు వెనక్కి తీసుకోలేదు.

"వెనక చక్రం ఎప్పుడు చూద్దాం?" అని అడిగింది.