బడివాళ్ల ఎరుపు

మా ఆయనకు ఏ వస్తువైనా మొదటి కొట్లో కొంటే మోసపోయినట్టే లెక్క. పళ్లు తోముకునే బ్రష్షుకు కూడా మూడు కొట్లు తిరుగుతాడు. అలాంటి మనిషి మీద బస్సుకు రంగు వేయించే పని వచ్చి పడింది.

మాకున్నది ఒక్క బస్సు. ఆయన నడుపుతాడు. నేను పిల్లల్ని ఎక్కించి, దించి, మధ్యలో వాళ్ల కొట్లాటలు తీరుస్తాను. ఏడేళ్లుగా ఒకే బడికి తిప్పుతున్నాం. సెలవులిచ్చిన రోజు బడి మేనేజరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచి, వచ్చే ఏడాది నుంచి బస్సులన్నీ ఒకే ఎరుపులో ఉండాలంది. ఆ ఎరుపు అచ్చేసిన చిన్న అట్టముక్క చేతిలో పెట్టింది. బడి తెరిచేలోగా మా తెల్లబస్సు ఆ రంగులోకి మారకపోతే మా రూటు ఇంకొకరికి ఇచ్చేస్తానని చాలా మెత్తగా చెప్పింది. మేమిద్దరం తినేది ఆ రూటు మీదే.

ఐదు వారాల గడువు. మా ఆయన చేతికిచ్చిన కాగితం ఏదీ ఇల్లు చేరదు. బస్సు కాగితాలే రెండుసార్లు పారేసిన ఘనుడు. అందుకే అట్టముక్క నేను తీసుకుని, నా సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద రంగు పైకి కనబడేలా పెట్టి, రెండు మూలలకీ నల్ల టేపు అంటించాను. ఏ షెడ్డుకు వెళ్లినా వెతుక్కునే పని ఉండదు.

మొదట వెళ్లింది ఊరి చివరి పెద్ద షెడ్డుకు. అక్కడి మేస్త్రి ముసలాయన బస్సు చుట్టూ తిరిగి, రేకు తట్టి, తుప్పు గోటితో గీకి చూశాడు. పాత రంగు తీయాలి, గుంటల్లో పుట్టీ పెట్టి రుద్దాలి, ప్రైమరు కొట్టాలి, అసలు రంగు ఆ తర్వాతేనన్నాడు. ధర వినగానే మా ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మేస్త్రి నా వైపు కిటికీ దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, ఆ అట్ట నీడలో పెట్టుకోండి."

బేరం పోయినా పెద్దరికం పోలేదనుకున్నాను. ఏడేళ్లలో ఒక్క పిల్ల నీళ్ల సీసా పోనివ్వని దాన్ని, నాకు జాగ్రత్తలు చెప్పొచ్చాడు.

అక్కణ్ణుంచి కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాం. రెండో షెడ్డులో బస్సు సగమే పట్టింది. అక్కడివాడు ముందు సగానికి రంగు వేయించుకుని, తర్వాత రివర్సులో వచ్చి వెనక సగం వేయించుకోమన్నాడు. మా ఆయనకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. మూడోవాడు కార్లకు రంగు వేసేవాడు. అడుగులతో బస్సు కొలిచి, ఇది నాలుగున్నర కార్లు, టాపు వేరే అన్నాడు. ఇంకొకడు ధర తక్కువ చెప్పాడు కానీ, వాడు రంగు వేసిన వ్యాను ఎదురుగానే నిలబడి పెచ్చులు రాలుస్తోంది. నాలుగు వారాలు, పదకొండు షెడ్లు. పెద్ద షెడ్డుకే ఇచ్చేద్దామని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంకొక్కటి చూద్దాం అనేవాడు. ఎండకు బస్సు పెనంలా కాలుతోంది, నా ఓపిక అంతకన్నా కాలింది. ఇంట్లో పలకరింపులు కూడా మానేశాను.

చివరికి మా అక్క భర్త ఒక పెయింటరును చూపించాడు. గోదాము వెనక చిన్న షెడ్డు, పొట్టి మనిషి, చెప్పిన ధర మేము ఇవ్వగలిగిందే. పుట్టీ దగ్గర్నుంచి అన్నీ పద్ధతిగా చేశాడు. టేపు పీకితే చిరుగుతుందని, అట్టముక్కను టేపుతో సహా జాగ్రత్తగా లేపి అతనికిచ్చాను. రంగు కలిపి, అట్ట మధ్యలో ఒక చుక్క పెట్టి ఆరబెట్టి చూపించాడు. చుక్క ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను. మా ఆయన నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. మొదటిసారి ఆయన గెలిచాడని నాకూ సంతోషమే వేసింది.

బడి తెరిచే ముందు రోజు బడి ఆవరణలో, అక్కడికే తిరిగే మిగతా రెండు బస్సుల పక్కన మా బస్సు ఆపాం. దిగి చూశాం. అవి చిక్కటి ఎరుపు. మాది నారింజకు అక్కలా ఉంది. మేనేజరమ్మ బయటికొచ్చి, ఇది మేమడిగిన రంగు కాదంది. పెయింటరు కొంప ముంచాడని తిట్టుకుంటూ సంచిలోంచి అట్టముక్క తీశాను.

"మీరిచ్చిందే మేడం. చూసుకోండి."

బస్సుకు ఆనించి చూపించాను, సరిగ్గా కలిసింది. ఆవిడ లోపలికెళ్లి, సొరుగులోంచి ఇంకో అట్ట తెచ్చి దాని పక్కన పెట్టింది. రెండూ ఒక ఇంటివి కావు. నా వేలు దానంతటదే మూలనున్న నల్ల టేపును లేపింది. టేపు కింద చిక్కటి ఎరుపు, కొత్తగా, అలాగే ఉంది.

నాలుగు వారాల ఎండ. మా ఆయన ముందుకొచ్చి, పొరపాటు తనదేనని, అట్ట ఎండలో వదిలేసింది తనేనని చెప్పాడు. మేనేజరమ్మ సొరుగులోంచి తెచ్చిన అట్ట మాకిచ్చి, వారం గడువిచ్చింది. ఆ వారం వేరే బస్సు తిరుగుతుంది, అప్పటికీ కుదరకపోతే ఏడాదంతా అదే.

ఈసారి మా ఆయన ఇంకొకటి చూద్దామనలేదు. తిన్నగా పెద్ద షెడ్డుకు పోనిచ్చాడు. దారి పొడుగునా నన్నొక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మేస్త్రి బస్సు మీద చెయ్యి వేసి చూశాడు. పని శుభ్రంగా ఉందని, పై రంగు ఒక్కటే మారిస్తే చాలని, నాలుగు రోజుల్లో ఇస్తానని అన్నాడు. కొత్త అట్ట అందుకుంటూ ఖాళీగా ఉన్న డ్యాష్‌బోర్డు వైపు చూశాడు.

"ఎండలోనే ఉంచారా?"

మా ఆయన అప్పుడే నోరు తెరవబోయాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేనే పెట్టాను. మీరు చెప్పినా వినలేదు," అన్నాను.

మేస్త్రి తలూపి, కొత్త అట్టను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.