కొరకని తాడు

ఆవిరి ఇంకా అరుస్తూనే ఉంది.

శౌరయ్య తడి గోనెసంచి తలమీద కప్పుకుని, మోకాళ్లమీద పాకుతూ బాయిలరు గదిలోకి చొరబడ్డాడు. గదంతా తెల్లగా నిండిపోయింది. ఆ అరుపు చెవుల్లో సూదుల్లా గుచ్చుకుంటోంది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆ మాటకొస్తే రెండేళ్లుగా శౌరయ్యకి కళ్లు తెరిచినా పెద్ద తేడా లేదు. లోకమంతా మసక గుడ్డ వెనకాల ఉన్నట్టుంటుంది. ఆ సంగతి ఇంట్లో తెరేసమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. గోడవెంట తడుముకుంటూ వెళ్లి పెద్ద వాల్వు చక్రం దొరకబుచ్చుకున్నాడు. అరచేతులు చుర్రుమన్నాయి. ఎనిమిది చుట్లు తిప్పాడు. అరుపు సన్నబడింది, ఈలయింది, ఆగిపోయింది.

అప్పుడు వినపడింది రెండో అరుపు. అది ఆమోసుది.

బాయిలరుకి బొగ్గేసే ఫైర్‌మన్ ఆమోసు వాల్వు కింద వెల్లకిలా పడి ఉన్నాడు. స్పానరు ఇంకా చేతిలోనే ఉంది. మెడ నుంచి నడుం దాకా చర్మం తడిసిన కాగితంలా ముడుచుకుపోయింది. యజమాని బసవపున్నయ్య గారి కారు గేటు దగ్గరే ఉంది. కానీ సీట్లు పాడవుతాయని, వడ్లు తెచ్చిన ట్రాక్టరు ట్రైలరులో ఖాళీ సంచులు పరిచి ఆమోసుని పడుకోబెట్టారు. పటమట రోడ్డు గుంటలన్నీ వాడి వీపుకి తెలిశాయి. వాడి కేక రోడ్డు మలుపు తిరిగేదాకా మిల్లులోకి వినపడుతూనే ఉంది.

"ఆ వాల్వు విప్పండి," అన్నాడు బసవపున్నయ్య. "ఏం జరిగిందో నాకు ఇప్పుడే తెలియాలి."

విప్పాల్సింది శౌరయ్యే. వాల్వు మెడలోంచి ఇనప కాడ ఒకటి పైకొస్తుంది. కాడ చుట్టూ ఆవిరి రాకుండా తాడు చుట్లు కూరి, పైన గ్లాండనే ఇనప బిళ్ల పెట్టి నట్లు బిగిస్తారు. శౌరయ్య ముప్ఫై ఏళ్ల బతుకు ఆ వేలెడు సందులోనే గడిచింది. మొలలో దోపుకున్న కొక్కెం తీశాడు. జానెడు కమ్మీ, మొన మెలిదిరిగి ఉంటుంది. దాన్ని సందులోకి దూర్చి లాగాడు.

బూడిద రాలింది. దాని వెనక మాడిన పోగు ఒకటి మొనకి చుట్టుకుని బయటికొచ్చింది. శౌరయ్య దాని కొస వేళ్ల మధ్య నలిపాడు. మెత్తగా నలిగింది.

నూలు.

ఆవిరికి ఆస్‌బెస్టాస్ తాడు, నీళ్ల పంపుకి నూలు తాడు. మిల్లులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు ఆ సంగతి. నూలు తాడు శనివారం ఆవిరికి ఉడికి, ఆదివారం ఈస్టరు సెలవుకి ఆరి, ఇవాళ మళ్లీ వేడి తగిలేసరికి మాడింది. గ్లాండు బుసకొడుతుంటే ఆమోసు నట్లు బిగించబోయాడు. మాడిన తాడు పేలాల్లా ఎగిరిపోయి, ఆవిరంతా వాడి ఛాతీమీదికి తిరిగింది.

"నూలు తాడు ఎవడిచ్చాడు?" బసవపున్నయ్య గొంతు పెద్దగా లేవలేదు. అదే భయం. "ఏవయ్యా సుబ్బారావూ?"

స్టోరుకీపరు వెంకటసుబ్బారావు ముందుకొచ్చాడు. బక్కమనిషి. చొక్కా జేబులో రెండు కలాలు.

"నేనివ్వలేదండీ. శుక్రవారం నేను భోజనానికెళ్తూ తాళంచెవి శౌరయ్యకిచ్చానండీ. తనే తీసుకున్నాడండీ."

గుమిగూడిన కూలీల్లో ఎవరో నవ్వారు. బసవపున్నయ్య కూడా నవ్వాడు.

"శౌరయ్య తాడు తప్పుతాడా? ముప్ఫై ఏళ్లుగా పంటితో కొరికి చూసి మరీ కడుతున్నాడు. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలయ్యా!"

సుబ్బారావుని చెంపమీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరి బూడిదలో పడింది. ఒక అద్దం చిట్లింది.

"చెప్పరా శౌరయ్యా. ఇచ్చింది ఈయనేనా?"

వెంకటసుబ్బారావు చెంప పట్టుకుని శౌరయ్య వంక చూశాడు. అందరూ చూశారు. గేటు బయట శౌరయ్య అంటే ఎవడూ కాదు. రేషను షాపు వాడు కూడా పేరడిగి రాసుకుంటాడు. గేటు లోపల మాత్రం శౌరయ్య కట్టిన గ్లాండు అంటే మరి చూడక్కర్లేదు. తప్పు తనదంటే కళ్ల సంగతి బయటపడుతుంది. కళ్ల సంగతి బయటపడితే గేటు లోపల కూడా ఎవడూ కాడు.

దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగేసరికి బసవపున్నయ్య పోలీసులకి కబురు పంపేశాడు.

నిజానికి తాళం తీసింది శౌరయ్యే. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. చీకటి స్టోరులో రెండు మేకులకి రెండు తాడు చుట్టలు, ఒకటి నూలు, ఒకటి ఆస్‌బెస్టాస్. కాడమీద జారడానికి రెండింటికీ గ్రాఫైటు నల్లపొడి తనే పట్టిస్తాడు. పట్టించాక రెండూ అక్కాచెల్లెళ్లే. అందుకే కోసిన ప్రతి ముక్కా చివర కొరుకుతాడు. ఆస్‌బెస్టాస్ అయితే పళ్ల మధ్య సుద్దలా కరకరమంటుంది. ఆ సుద్ద మింగీ మింగీ దగ్గు పట్టుకుంది గాని, ఒక్క గ్లాండు కారలేదు. శౌరయ్య కేరేజీ తెచ్చుకోడు, తాడే తింటాడని మిల్లులో నవ్వుకునేవాళ్లు.

శుక్రవారం ఆరు ముక్కలు ఏటవాలుగా కోశాడు. కోత మీద కోత పడకుండా చుట్లు పేర్చాడు. పక్కనే పారతో బొగ్గు వేస్తున్న ఆమోసు ఆగి చూశాడు.

"ఏం బావా, ఇయ్యాళ కొరకలేదే?"

"ఒక్కపొద్దురా. మూడింటిదాకా నోట్లో ఏదీ పెట్టను."

"తాడేమన్నా కోడిపలావా, మింగటానికి?"

"లూథరు చర్చోడివి, మా కేథలిక్కుల ఒక్కపొద్దు నీకేం తెలుసు. మాయమ్మ పెట్టిన కట్టు. తాడు సంగతి చేతికి తెలుసులే."

"నీ చేతికి తెలిస్తే మంచిదే బావా. దాని పక్కన రోజంతా కూచునేది నేను," అని నవ్వి మళ్లీ పార అందుకున్నాడు ఆమోసు.

అంతే. కొరకలేదని తెలిసిన మనిషి వాడొక్కడే.

సోమవారం మధ్యాహ్నం శౌరయ్య పెద్దాసుపత్రికి వెళ్లేసరికి హెడ్ కానిస్టేబులు కాగితాలతో మంచం పక్కన కూర్చున్నాడు. ఆమోసుకి గుడ్డ తగలకుండా ఇనప చట్రం పెట్టి, దానిమీద దుప్పటి కప్పారు. మొహం ఉబ్బిపోయింది. కళ్లు రెండు గీతలు. భార్య మార్త తాటాకు విసనకర్రతో ఈగలు తోలుతోంది. బసవపున్నయ్య ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కాళ్లవైపు నిలబడ్డాడు. వాకిట్లో కానిస్టేబులు వెంకటసుబ్బారావు మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"డాక్టరు గారు మాట్లాడచ్చన్నారు. చెప్పు ఆమోసూ," అన్నాడు హెడ్డు. "ఆ తాడు ఎవరిచ్చారు?"

ఆ రెండు గీతలూ మెల్లగా కదిలి శౌరయ్య దగ్గర ఆగాయి. చెప్పేస్తాడు. చెప్పేస్తే బాగుండు. చెప్పకపోతే బాగుండు. రెండూ ఒక్క ఊపిరిలోనే అనుకున్నాడు శౌరయ్య.

"స్టోరాయన," అన్నాడు ఆమోసు. "సుబ్బారావు గారు. ఇయ్యటం నా కళ్లారా చూశా."

"నిజంగానా?"

"మా బావ తప్పేం లేదు," అన్నాడు. పెదవి నవ్వబోయి చిట్లింది.

మార్త చెంచాతో నీళ్లు పోసింది. మింగాడు. రెండో చెంచా నీళ్లు పెదవి చివర్నుంచి కారిపోయాయి. కొంగుతో తుడిచి మూడో చెంచా పోసింది. అదీ కారిపోయింది. నాలుగోది ముంచుతుంటే హెడ్డు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మార్త ఏడవలేదు. చెంచా గ్లాసులో పెట్టి, విసనకర్ర తీసుకుని మళ్లీ ఈగలు తోలడం మొదలుపెట్టింది.

హెడ్డు కాగితం బల్లమీద పెట్టాడు. "సాక్షి సంతకం కావాలి. నువ్విక్కడే ఉన్నావుగా, నువ్వు పెట్టు."

"పెట్టరా," అన్నాడు బసవపున్నయ్య. "చచ్చేవాడి మాటకి తిరుగులేదు. తొందరగా కానియ్యి, తొట్లల్లో వడ్లు పులిసిపోతున్నయ్. సాయంత్రానికి ఆ గ్లాండు కట్టెయ్యాలి నువ్వు."

వాకిట్లోంచి వెంకటసుబ్బారావు పిలిచాడు. "శౌరయ్యా."

మార్త తల తిప్పకుండానే అంది. "పెట్టన్నయ్యా. మా ఆయన ఆఖరి మాట. ఆ పాపిష్టోడు జైల్లో కుళ్లిపోవాల."

శౌరయ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. మొలలో కొక్కెం గుచ్చుకుంటే తీసి పక్కన పెట్టాడు. కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. అక్షరాల్లేవు, నల్లటి మరక ఉంది. స్టోరులో రెండు చుట్టల్లాగే. సంతకం పెడితే రేపు గేటు తెరుచుకుంటుంది. ఆమోసు ఇచ్చిపోయిన గేటు అది. కలం పట్టుకున్నాడు. గాలిలోనే కాసేపు ఉంచాడు. కింద పెట్టేశాడు.

"మావోడు అబద్ధం చెప్పాడండయ్యా."

విసనకర్ర ఆగింది.

"నోరు ముయ్యి," అన్నాడు బసవపున్నయ్య.

హెడ్డు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. "మరి ఎవరు పెట్టారు ఆ తాడు?"

మార్త ఇప్పుడు తిరిగి చూసింది. అన్నయ్యా అన్న నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. ఆమె మొహం మసకలో సరిగ్గా కనపడనందుకు ఆ ఒక్కసారికి శౌరయ్య దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"శౌరయ్య," అన్నాడు.

హెడ్డు కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "శౌరయ్య ఎవడు? ఆ పేరు ఎక్కడా లేదే?"

"నేనేనండి. నేనే శౌరయ్యని. నేనే పెట్టానండి."

వాకిట్లో కానిస్టేబులు ఒక మణికట్టు వదిలి ఇంకో మణికట్టు పట్టుకున్నాడు. వరండా చివర మెట్లు దిగేదాకా దగ్గు వినపడింది.

బల్లమీద కొక్కెం ఉండిపోయింది. దాని మొనకి మాడిన నూలుపోగు ఇంకా చుట్టుకునే ఉంది. దానిమీద పంటిగాటు ఒక్కటి కూడా లేదు.