గువ్వ పిలిచే హాజరు

ఫోను మోగినప్పుడు మా ఆయన హెల్మెట్ పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కళ్ళు మండకుండా ఉండడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం అది. పెళ్ళయి రెండు నెలలే కాబట్టి ఆయన ఏం చేసినా నాకు గొప్పగానే ఉంటుంది. హెల్మెట్ అద్దంలో నా జుట్టు సవరించుకుంటూనే ఫోనెత్తాను. అవతల వదిన.

"ఇచ్చారు," అంది. 

నాకు అర్థమయింది. "గువ్వకి టీచర్ని ఇచ్చారట," అని వంటింట్లోనే ఒక గంతు వేశాను. మా ఆయన మెల్లిగా హెల్మెట్ అద్దం పైకెత్తాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఉల్లిపాయలు," అన్నాడు.

వదిన అంటే మా ఆయన అక్క. ఆమె కింది వాటాలో, మేము పై వాటాలో ఉంటాం. మందుల షాపులో కౌంటరు దగ్గర ఆమె ఉద్యోగం. అన్నయ్యగారు సరుకుల లారీ నడుపుతూ నెలకోసారి ఇంటి మొహం చూస్తారు. వాళ్ళ కూతురికి ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉంది. ముద్దుగా గువ్వ అంటాం.

బడిలో గంట మోగితే గువ్వ చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. పిల్లలు గోల చేస్తే తల బల్లకేసి కొట్టుకునేది. టీచరు ఒక్కతే, పిల్లలు గదినిండా. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వెంటనే షాపుకి ఫోను, వచ్చి పాపను తీసుకెళ్ళమని. వదిన చేతిలో ఉన్న మందులు అక్కడే పడేసి పరిగెత్తేది. "ఇది షాపా, సత్రమా, నీ ఇష్టమొచ్చినట్టు వచ్చిపోవడానికి," అనేవాడు యజమాని.

క్లాసులో గువ్వ పక్కన కూర్చోడానికి ఒక సహాయ టీచరు ఉంటే చాలు. ఇప్పుడు గంట మోగుతుందమ్మా అని ముందే చెప్పి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టే మనిషి. అందుకోసం వదిన ఏడాదిగా చెప్పులరిగేలా తిరిగింది. నేను కాపురానికొచ్చాక అర్జీలు రాసే పని నాకప్పగించింది. "డిగ్రీ చదివావు, గుండ్రటి రాత. వాళ్ళు చదవకపోయినా చూడ్డానికైనా బాగుంటుంది," అంది.

అదిగో, ఆ రాత ఫలించింది. ఆ సాయంత్రం అందరి నోట్లోనూ చెంచాడేసి చక్కెర పోశాను. గువ్వ మొహం చిట్లించి నా చేతిలోనే ఊసేసింది.

"పలుకులు గుచ్చుకుంటాయి దానికి," అని వదిన నవ్వింది. నవ్వితే ఆమె బుగ్గన సొట్ట పడుతుందని నేను అప్పుడే చూశాను.

కొత్త కాపురం కదా అని ముచ్చటపడి రంగురంగుల బట్టల క్లిప్పులు కొనుక్కున్నాను. వచ్చిన రోజే గువ్వ వాటిని సొంతం చేసుకుంది. సాయంత్రం డాబా మీద దండేనికి ఒక్కొక్కటే తగిలిస్తూ హాజరు పిలుస్తుంది. దాహమేస్తే నీళ్ళని అడగలేని పిల్ల, క్లాసులోని పేర్లన్నీ వరస తప్పకుండా, టీచరు గొంతుతోనే, మధ్యలో ఆవిడ దగ్గే దగ్గుతో సహా పిలుస్తుంది. తన పేరుకి నీలం క్లిప్పు. అది తగిలించి, మడమలెత్తి, "వచ్చాను టీచర్," అంటుంది. దానికి బడంటే అదే. ఆ ఒక్క మాట అనడానికే పొద్దున్నే సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడేది. క్లిప్పుల్లేక నా బట్టలు గాలికెగిరి పక్కింటి డాబా మీద ఆరేవి. మా ఆయన బనీను ఒకటి ఇంకా తిరిగి రాలేదు.

సహాయ టీచరు చేరాక షాపుకి ఫోన్లు ఆగిపోయాయి. వదిన మొహం తేటపడింది. మా ఆయనా నేనూ నిశ్చింతగా సాయంత్రాలు షికార్లు తిరిగాం. ఒకే గొడుగులో నడిచి ఇద్దరం చెరో వైపు తడిసి రావడం, ఎవరు ఎక్కువ తడిశారో పోట్లాడుకోవడం. డాబా మీద గువ్వ హాజరు ఒక్కసారీ వినకుండానే అలా మూడు వారాలు గడిచాయి.

ఒకరోజు గువ్వ నీళ్ళ సీసా మర్చిపోయి వెళ్ళింది. ఇవ్వడానికి వెళ్ళాను. కిటికీ పక్కన రెండో బల్ల మీద గువ్వ చోటులో వేరే పిల్ల కూర్చుని ఉంది. ఆ క్లాసు టీచరు నన్ను చూసి, పక్క గదివైపు చెయ్యి చూపించి, మళ్ళీ బోర్డు వైపు తిరిగిపోయింది.

పక్కది ఆటసామాన్ల గది. గాలిపోయిన బంతులు, కాళ్ళు విరిగిన కుర్చీలు, చుట్టిపెట్టిన వల. వాటి మధ్య ఒక చాప. చాప మీద గువ్వ, పక్కన సహాయ టీచరు. చిన్నమ్మాయి, నా వయసే ఉంటుంది. నన్ను చూసి కంగారుగా లేచింది.

"క్లాసులో కూర్చోబెట్టరా?" అన్నాను.

"ఇక్కడే ఉంచమన్నారక్కా. మొదటి రోజునుంచీ ఇక్కడే," అని ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మాకు హాజరు పట్టీ కూడా వేరే. పొద్దున పక్క క్లాసులో పేర్లు పిలుస్తుంటే ఇది గోడకి చెవి ఆనించి నిలబడుతుంది. పిలవడం అయిపోయినా కదలదు. నేనే బతిమాలి కూర్చోబెడతాను."

గువ్వ ఏడవడం లేదు. వలలోని ముడులు వేలితో తడుముతోంది. నేను పిలిస్తే తలెత్తలేదు.

హెడ్మిస్ట్రెస్ నన్ను కూర్చోమని మంచినీళ్ళు తెప్పించింది. "చూడమ్మా, మీరు మనిషి కావాలన్నారు, ఇచ్చాం. ఏడుపు లేదు, గొడవ లేదు. మీ వదినగారు కూడా హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నారు. ఇంకేం కావాలి?"

"పిల్లలతోపాటు కూర్చోవాలండి. అందుకే కదా అడిగింది."

"క్లాసులో ఇంకో మనిషి మాట్లాడుతూ కూర్చుంటే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు. ఈ ఏర్పాటు నచ్చకపోతే ఆ అమ్మాయి వద్దని రాసివ్వండి. పాపను మళ్ళీ పాత చోటులోనే కూర్చోబెడతాం. ఒంటరిగా. ఆ అమ్మాయి కోసం వేరే బడివాళ్ళు కాచుకుని ఉన్నారు."

 ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నేను అర్జీలు రాసి రాసి ఆ రెండింటి మధ్యకి తెచ్చి నిలబెట్టానన్నమాట పిల్లను.

అక్కణ్ణించి తిన్నగా మందుల షాపుకి వెళ్ళాను. వదిన ఒక ముసలాయనకి మాత్రలు కత్తిరించి ఇస్తోంది.

"వదినా, గువ్వ క్లాసులో లేదు."

"రోజుకి రెండు, తిన్నాక వేసుకోండి," అంది ఆయనతో. ఆయన మెట్లు దిగేదాకా ఆగి, కత్తెర సొరుగులో పెట్టింది. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడో రోజు చూశాను."

"మరి ఏమీ అనలేదేంటి మీరు?"

"ఏమనను? ఫోను మోగడం లేదమ్మాయ్. రాత్రిళ్ళు నిద్రపడుతోంది. ఎనిమిదేళ్ళ తరవాత." కౌంటరు మీద లేని మరకను గుడ్డతో తుడుస్తోంది. "అది ఏడవడం లేదు కదా అనుకున్నాను. నిజంగానే ఏడవడం లేదు. వెళ్ళు, జనం వస్తున్నారు."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇంటిదాకా నడిచేసరికి అదీ మిగల్లేదు.

సాయంత్రం మా ఆయనా నేనూ డాబా మీద ఉన్నాం. ఆయన నన్ను నవ్వించాలని బనీను కోసం పక్కింటి గోడ మీదికి తొంగి చూస్తూ దొంగలా నటిస్తున్నాడు. నాకు నవ్వు రాలేదు. షాపునుంచి వచ్చిన వదిన సంచి కూడా దించకుండా మెట్ల మీదే నిలబడిపోయింది. గువ్వ హాజరు మొదలుపెట్టింది.

ఎర్ర క్లిప్పు. పసుపు. ఆకుపచ్చ. పేర్లు వరసగా వస్తున్నాయి. టీచరు దగ్గు వచ్చింది. తన ముందు పిల్ల పేరు వచ్చింది. వెంటనే, ఊపిరి తీసుకునేంత సందు కూడా లేకుండా, తన తరవాతి పిల్లాడి పేరు వచ్చింది. గోడ అవతలినుంచి ఎలా విందో అలాగే. చివరిదాకా పిలిచి, చేతులు దులుపుకుని నిలబడింది. "వచ్చాను టీచర్" లేదు.

నీలం క్లిప్పు బుట్టలోనే ఉంది. నేను తీసి అందించాను. అది ఎవరిదో అన్నట్టు చూసి, మళ్ళీ బుట్టలో వేసేసింది.

వదిన పైకి వచ్చింది. దండెం మీది క్లిప్పులన్నీ ఒకసారి చేత్తో తడిమింది.  గువ్వ డాబా గోడకి చెవి ఆనించి నిలబడింది.

"రేపు రాసిచ్చేస్తాను," అంది వదిన.

"ఏం రాసిస్తావక్కా?" అన్నాడు మా ఆయన.

"ఆ టీచరమ్మాయి మాకొద్దని."

"మళ్ళీ ఫోన్లు మొదలవుతాయి. తల కొట్టుకుంటుంది."

"కొట్టుకుంటుంది."

"షాపాయన ఈసారి ఊరుకోడు."

"ఊరుకోడని నాకు తెలియదట్రా?" ఆమె గొంతులో కోపం లేదు, ఆశా లేదు. నా వైపు తిరిగింది. "పొద్దున్నే నువ్వే రాసిపెట్టు, అమ్మాయ్. నీ రాత బాగుంటుంది. గంట కొట్టకముందే ఇచ్చేసి, దాన్ని ఆ బల్ల మీద కూర్చోబెట్టి షాపుకి వెళ్తాను."