అరవై నాలుగు అతుకులు

నసీం ఉస్తాద్‌కు వైర్ల రంగులు కనబడవంటే పాత బండ్ల సామాన్లమ్మే షేర్షా బజారంతా నవ్విపోతుంది. ముప్పై ఏళ్లుగా కరాచీలో ఇంజన్ మార్చిన బండి ఎక్కడ కనిపించినా, దాని వైరింగ్ కలిపింది అతనేనేమో అనుకునేవాళ్లు. అలాంటి మనిషికి ఏడాదిగా తెలుపూ లేత పసుపూ ఒకటైపోయాయి. ముదురు నీలం నలుపైపోయింది. శుక్లాలు, ఆపరేషన్ చేయించుకో అన్నాడు డాక్టరు. చేయించుకుంటే బజారుకు తెలుస్తుంది, తెలిస్తే పని రాదు. అందుకని ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఆ మంగళవారం యాకూబ్ అతన్ని వెంటబెట్టుకుని హాజీ గుల్ జమాన్ కొట్టుకు వచ్చాడు. యాకూబ్‌ది ఆడపిల్లల్ని బడికి చేర్చే వ్యాను. పాత ఇంజన్ పొగ కక్కీ కక్కీ చచ్చింది. జపాన్ కంటైనర్‌లో దిగిన ఇంజన్ ఒకటి ముందురోజే కొన్నాడు. ఇక దానికి వైరింగూ, దాన్ని నడిపించే కంప్యూటర్ డబ్బా కావాలి.

“ఇంజన్ దొరికేసింది కదా ఉస్తాద్, పెద్ద గండం గడిచినట్టే.”

“ఇల్లు అలకగానే పండగైపోదురా నాయనా. కంప్యూటర్ మాట్లాడకపోతే నీ ఇంజన్ ఉత్త ఇనప దిమ్మ.”

హాజీ బల్ల మీద రెండు సరుకులు పరిచాడు. ఒకటి నిండు వైరింగ్. కంప్యూటర్ దగ్గర్నుంచి చివరి ప్లగ్గు దాకా ఎక్కడా కత్తి పడలేదు. రెండోది బజారులో అందరూ కొనేది. బండ్లు విప్పేవాళ్లకు ఓపిక ఎక్కడిది? వైర్లను పటుక్కున కోసి ఇంజన్ లాగేస్తారు, మధ్యలో మిగిలింది రాగి కాల్చేవాళ్లకు తూకానికి అమ్ముకుంటారు. కంప్యూటర్‌కు జానెడు తోకలు, ఇంజన్‌కు జానెడు తోకలు మిగులుతాయి. ఆ రెండింటినీ రంగు చూసి కలపడమే ఉస్తాద్ పని.

“ఈ నిండుదైతే ప్లగ్గులు గుచ్చడమే. మా మేనల్లుడు కూడా బిగిస్తాడు, వాడికి చొక్కా గుండీలే సరిగా పెట్టుకోవడం రాదు,” అన్నాడు హాజీ. “కోసినదానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. అలాంటివాళ్లు ఎంతమంది మిగిలార్లే ఈ బజార్లో!”

కొట్టు ముందు టీ తాగుతున్నవాళ్లు నసీం వైపు చూశారు.

“నాకేం తెలుసు ఉస్తాద్? మీరేదంటే అదే,” అన్నాడు యాకూబ్.

నిండుది ఇవ్వమంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ గుండీలు పెట్టుకోవడం రానివాడు బిగించే వైరింగ్‌కు నసీం ఎందుకు? పొగరు మనిషి చెవిలో నెమ్మదిగానే మాట్లాడుతుంది, చెప్పిన పని మాత్రం చేయించుకునే వదులుతుంది. నసీం కోసిన కంప్యూటర్ అందుకుని బొటనవేలితో తడిమాడు.

“మూడు ప్లగ్గులు. చేత్తో గేరు వేసే బండిది. నాలుగుంటే ఆటోమేటిక్‌ది, ఈ వ్యానులో లేని గేరుబాక్సు కబురు కోసం ఎదురుచూస్తూ కూచుంటుంది. ఇదే ఇవ్వు హాజీ. ఆ నిండుది మేనల్లుళ్లకి అమ్ముకో.”

అందరూ నవ్వారు. హాజీ ఇంకా గట్టిగా నవ్వాడు.

మొత్తం అరవై నాలుగు అతుకులు. రెండు రోజులు ఎండలో కూర్చుని ఒక్కొక్క వైరూ ముక్కు దగ్గర పెట్టుకుని కలిపాడు. దారినపోయేవాణ్ని పిలిచి ఇదేం రంగని అడగవచ్చు. మీటర్ పెట్టి ఏ వైరు ఎక్కడికి పోతుందో చూసుకోవచ్చు. మీటర్ పట్టుకునేవాళ్లను జీవితమంతా ఎగతాళి చేసినవాడు ఇప్పుడు ఏ మొహంతో పట్టుకుంటాడు?

మూడో రోజు పొద్దున తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్కసారి గురక పెట్టి ఆగిపోయింది. సీటు కింద పెట్టిన కంప్యూటర్ నుంచి కాలిన వాసన వచ్చింది. ఐదు వోల్టులే తట్టుకునే తెల్ల వైరును బ్యాటరీ నుంచి వచ్చే లేత పసుపు వైరుకు కలిపానని ఆ వాసన తగలగానే నసీంకు తెలిసిపోయింది.

“ఏమైంది ఉస్తాద్?”

“కంప్యూటర్ చచ్చింది. చచ్చిందే అంటగట్టాడు నీకు.”

నోరు జారిందని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. జారలేదు. ఆ మాటను రెండు రోజులుగా దవడన దాచుకునే ఉన్నాడు.

షేర్షాలో కరెంటు సరుకు గడప దాటితే మళ్లీ తీసుకోరు. పేరున్న ఉస్తాద్ దాని మీద చెయ్యి పెట్టి ‘ఇది చచ్చే వచ్చింది’ అంటే మాత్రం కొట్టువాడు ఎదురు మాట్లాడకుండా ఇంకొకటి ఇవ్వాలి. ఆ మాట చెల్లేవాళ్లు బజారు మొత్తంలో ఐదుగురుంటారు. నసీం వాళ్లలో ఒకడు. ఎన్నడూ అబద్ధానికి వాడలేదు.

ఆ రోజు వాడాడు.

హాజీ ఆ కంప్యూటర్‌ను తన కొట్టు బల్ల మీదికి లాక్కున్నాడు. ఊరికే చూద్దామన్నట్టు మరలు తీసి మూత ఎత్తాడు. లోపల ఒక మూల నల్లగా మాడి ఉంది. ఇంకా వాసన వస్తోంది. సముద్రం మీద నెల రోజులు వచ్చిన సరుకుకు పచ్చి కాలిన వాసన ఎలా ఉంటుంది? హాజీ తలెత్తి నసీం కళ్లలోకి చాలాసేపు చూశాడు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర అప్పుడు కనిపించింది కాబోలు, మూత పెట్టేశాడు.

“చెప్పు హాజీ! పిల్లల తల్లులు నన్ను తిడుతున్నారు,” అని అరిచాడు యాకూబ్. “నీ సరుకు చెడ్డదా, ఉస్తాద్ పని చెడ్డదా?”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు నసీం.

“నా సరుకే చెడ్డది తమ్ముడూ,” అన్నాడు హాజీ.

లోపలికి వెళ్లి నిండు వైరింగ్, దాని కంప్యూటర్ తెచ్చి నసీం చేతుల్లో పెట్టాడు. జబ్బుమనిషితో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, “ఏ ప్లగ్గు దానికే పడుతుంది ఉస్తాద్. తప్పుగా దూరదు,” అన్నాడు. చెంప మీద కొట్టినా నసీంకు అంత మండేది కాదు.

వ్యాను ఆ మధ్యాహ్నమే కదిలింది. యాకూబ్ నసీం చేతులు కళ్లకద్దుకున్నాడు. ఆ ఊపులోనే కొట్టుకొట్టుకూ తిరిగి, హాజీ చచ్చిన సరుకు అమ్ముతాడని, తన నోటితో తనే ఒప్పుకున్నాడని చాటాడు. వారం తిరిగేసరికి హాజీ కొట్టు ముందు టీ తాగేవాళ్లు కూడా పలచబడ్డారు. వెళ్లి నిజం చెప్పేద్దామని నసీం రోజూ అనుకునేవాడు. పొద్దున అనుకున్నది సాయంత్రానికి రేపటి పని అయ్యేది.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఒక టాక్సీవాడు అతన్ని ఆపాడు.

“ఉస్తాద్, కంప్యూటర్ ఒకటి కొనాలి. హాజీ దగ్గర కొనొద్దంటున్నారు. ఆ చచ్చిన సరుకు మీ చేతికే వచ్చిందిగా. నిజమేనా?”

ఎదురుగా హాజీ తన కొట్టు గడపలో నిలబడి ఉన్నాడు. మాట వినబడేంత దూరమే. మనిషి ఆకారం తెలుస్తోంది గానీ, మొహంలో ఏముందో నసీం కళ్లకు ఆనలేదు.

“హాజీయే ఒప్పుకున్నాడుగా,” అన్నాడు నసీం.